గవద బిళ్ళల రాజుగారి రూపాయి

మొన్న ఆదివారం వైశాలి నగర్ సంతలో కాకరకాయలు కొన్నాను. ఒక్కడి కోసం పావుకిలో అంటే కూరలమ్మే ఆవిడ త్రాసు ఎత్తడానికి కూడా బద్ధకించి, నాలుగు కాయలు అందాజాగా సంచిలో పడేసి చిల్లర నా అరచేతిలో పెట్టింది. అందులో ఒక రెండు రూపాయల నాణెం మీద బొమ్మ పక్కకు జారి ఉంది. సింహాలు అంచు దాటి బయటికి నడిచి వెళ్ళిపోతున్నట్టున్నాయి. ఇటుపక్క నెలవంకంత మేర ఉత్త లోహం మిగిలింది. నేను దాన్నే చూస్తూ నిలబడేసరికి ఆవిడకు అనుమానం వచ్చింది. "క్యా హువా బాబూజీ, నహీ చలేగా? దూస్రా లే లో" అంటూ, మార్చి ఇవ్వడానికి చేయి చాపింది. అక్కర్లేదని జేబులో వేసుకున్నాను. ఇంటికొచ్చి తాళం తీసి, కాకరకాయలు ఫ్రిజ్‌లో పెట్టి, నాణెం భోజనాల బల్ల మీద పెట్టాను. చూపించడానికి ఎవరూ లేరు. మా ఆవిడ పోయి రెండేళ్ళు దాటింది. ఆవిడ ఉండి ఉంటే, "మా అన్నయ్య పిచ్చి మీకూ అంటుకుందేటి?" అని నవ్వేది. ఆ మాట అననివ్వకుండా నేనే చేసుకున్నాను చాలా ఏళ్ళు. మా ఇంట్లో నాణేల ప్రస్తావన వస్తే నేను లేచి పక్కగదిలోకి వెళ్ళిపోయేవాణ్ణి. ఎందుకు వెళ్ళేవాణ్ణో ఇప్పుడు రాస్తున్నాను.

మా ఆవిడ అన్నయ్యకు పవర్ హౌస్ బజారులో ఇనప సామాన్ల కొట్టుండేది. మేకులు, గొలుసులు, తాళ్ళు, బకెట్లు, ఎలుకల బోనులు. వాళ్ళ నాన్నగారు ఇక్కడి ఉక్కు ప్లాంటు కట్టే రోజుల్లో విజయనగరం పక్కనుంచి వచ్చినవారు. కొడుక్కి ప్లాంటులో ఉద్యోగం వేయించాలని ఆయన ఎంత మొత్తుకున్నా మా బావ వినలేదట. కొట్లో కూర్చుంటే ఊరంతా తన దగ్గరికే వస్తుందని ఆయన వాదన. నిజమే, వచ్చేది. ఊరితో పాటు ఊళ్ళో చెల్లని నాణేలు కూడా వచ్చేవి. బొమ్మ వంకరగా పడినవి, అంచు కొరికేసినట్టున్నవి, ఒకే వైపు అచ్చయినవి ఎవరి చేతిలో పడ్డా పాన్ డబ్బావాడు తీసుకోడు, టెంపోవాడు తీసుకోడు. ఇనప కొట్టు తెలుగాయన మాత్రం తీసుకుంటాడని బజారంతా పాకింది. ఆయన వాటికి మంచి నాణేలిచ్చి, చెడ్డవి తగరపు డబ్బాలో వేసుకునేవాడు. బజారువాళ్ళు ఆయనకు 'ఖోటా సేఠ్', అంటే చెల్లని నాణేల షావుకారు, అని పేరు పెట్టారు. ఆయనకు ఆ పేరంటే కోపం లేకపోగా, ఎవరైనా కొట్టు ఎక్కడ అనడిగితే తనే, "ఖోటా సేఠ్ అనడుగు, సూపించీస్తారు" అని చెప్పేవాడు.

నేను ప్లాంటులో రైలు పట్టాలు తనిఖీ చేసేవాణ్ణి. ఎర్రగా కాలిన ఇనుము రోలర్ల మధ్యనుంచి పట్టాగా మారి చల్లారాక, దాని మీద గీత, బొడిపె, మడత ఏదున్నా వెతికి సుద్దముక్కతో గుర్తు పెట్టడం నా పని. సానరాయితో పోయే తప్పయితే సాన పట్టిస్తాం, పోకపోతే పట్టానే పక్కన పెట్టేస్తాం. ముప్పై ఏళ్ళు తప్పుల్ని వెతికిన కళ్ళకు వేరేదేదీ కనపడదు. పెళ్ళివారింట్లో గోడ మీద పగులు, ఎదుటివాడి చొక్కా మీద ఊడిన బొత్తాం, మా ఆవిడ పెట్టిన ముగ్గులో ఒక చుక్క తక్కువ. అన్నీ కనపడేవి, అన్నీ చెప్పేవాణ్ణి. అలాంటి నాకు, తప్పుల్ని డబ్బాలో దాచుకుని మురిసిపోయే మనిషి బావ కావడం దేవుడి చమత్కారం.

సెలవు రోజుల్లో మా ఆవిడ పుట్టింటికి వెళ్తే నేను కొట్లో కూర్చునేవాణ్ణి. అప్పుడు బావ నాకు పాఠాలు చెప్పేవాడు. నాణెం పుట్టుక ఏమిటంటే, గుండ్రటి ఉత్త బిళ్ళను రెండు అచ్చుల మధ్య పెట్టి ఒక్క దెబ్బ కొడతారు. బిళ్ళ సరిగ్గా కూర్చోకపోతే బొమ్మ జారుతుంది. ముందు కొట్టిన నాణెం అచ్చుకు అంటుకుని ఉండిపోతే, తర్వాతి బిళ్ళ మీద ఒకవైపు రాజుగారి తల ఉబ్బెత్తుగా, రెండోవైపు అదే తల లోతుగా, అద్దంలో చూసినట్టు తిరగబడి పడుతుంది. దాన్ని లఖీ అంటారని, దొరకడం అరుదని చెబుతూ బావ కళ్ళు మూసుకునేవాడు. దొంగ లఖీలు చేసేవాళ్ళూ ఉన్నారట. రెండు నాణేలను బిగింపులో పెట్టి నొక్కుతారు. అయితే అలా నొక్కితే రెండోవైపు బొమ్మ చితికిపోతుంది కాబట్టి చూసే కన్నుంటే పట్టేయవచ్చు. "సూడు బావా, తప్పనేది రెండు రకాలు. టంకశాల గుమ్మం దాటక ముందు జరిగింది ఒకటి, దాటినాక జరిగింది ఇంకోటి. మొదటిదానికి కొనుక్కుంటారు, రెండోదానికి తిడతారు" అనేవాడు. బొమ్మ కాస్త పక్కకి జరిగితే విలువ లేదట, సగం జరగాలి. అలాగని సంవత్సరం ఎగిరిపోకూడదు. సంవత్సరం కనపడితేనే తప్పుకి ఊరూ పేరూ ఉన్నట్టు. అన్నిటికంటే ముఖ్యం, తోమకూడదు. మురికి పట్టినదాన్ని మురికిగానే ఉంచాలి. చింతపండు పెట్టి మెరిపించావా, పోయింది. నేను ఊఁ కొడుతూ కూర్చునేవాణ్ణి. వాణిజ్యం తెలియని మనిషి చెప్పే వేదాంతంలా వినేవాణ్ణి గాని, ఒక్క మాటా తలకెక్కించుకోలేదు.

ఆ పాఠాలకు అసలైన శ్రోత వేరే ఉన్నాడు. కుమ్హారిలో ఉండే రిటైరైన బడిపంతులు. ఛత్తీస్‌గఢీ మనిషి, పీలగా, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన తెల్ల పైజామాలో ఉండేవాడు. అందరూ గురూజీ అనేవారు. ఆదివారం ఆదివారం బస్సెక్కి వచ్చి బావ కొట్లో బకెట్ల దొంతర పక్కన స్టూలు వేసుకునేవాడు. ఆయన దగ్గర భూతద్దం, నాణేల పుస్తకాలు, చిన్న కెమెరా ఉండేవి. బావ దగ్గర నాణేలుండేవి. ఇద్దరికీ భాష సరిగా కలవదు. బావ హిందీలో సగం మన ఉత్తరాంధ్రే. అయినా పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాళ్ళకు మాటలు తరిగేవి కావు. గురూజీకి మొదట్లో నాణేలు చింతపండుతో తోమే అలవాటుండేదట. బావ ఒకసారి కసిరి ఆ అలవాటు మాన్పించాడు. "బచ్చోంకే కాన్ మరోడ్‌నే వాలా హూఁ, ఇస్ సేఠ్ నే మేరా కాన్ మరోడ్ దియా" అని, పిల్లల చెవులు మెలిపెట్టే తన చెవినే ఈ సేఠ్ మెలిపెట్టాడని, ఆ కథ గురూజీయే చెప్పి చెవి పట్టుకుని చూపించేవాడు.

ఈ గొడవకంతటికీ మూలమైన రూపాయి బావకు దొరికింది కొట్టు ముందు కూరలమ్ముకునే ఒక ముసలమ్మ దగ్గర. ఇక్కడి పల్లెటూళ్ళ ఆడవాళ్ళు బ్రిటిషు కాలపు వెండి రూపాయలకు కొక్కేలు అతికించి మెడలో మాలగా వేసుకుంటారు. ఆ ముసలమ్మ తల్లి మాల చేయించుకున్నప్పుడు కంసాలి ఒక రూపాయిని మాత్రం తీసి పక్కన పెట్టేశాడట, రాజుగారి ముఖం వాచి ఉందని. అంచు దగ్గర మొదలై రాజుగారి దవడ మీదికి ఎక్కిన పెద్ద ముద్ద. అక్షరాలు రెండు దాని కింద పడి కనపడవు. ఆ వాపు వల్లే కొక్కెం అతికించుకోకుండా, అరగకుండా, అరవై ఏళ్ళు గుడ్డమూటలో పడి ఉంది. అచ్చులో ఒక ముక్క విరిగిపోతే ఆ గుంటలోకి వెండి ఎగదన్ని అలా ముద్ద కట్టిందని గురూజీ కనిపెట్టాడు. ఋజువేమిటంటే, వెనకవైపు సరిగ్గా ఆ ముద్దకు ఎదురుగా ఉన్న పూలదండ సగమే పడింది. అక్కడి వెండి ఇటు వచ్చేసింది మరి. బావకు పట్టలేని సంతోషం. 'గవద బిళ్ళల రాజుగారు' అని పేరు పెట్టాడు. రాయ్‌పూర్‌లో నాణేల వాళ్ళంతా కలిసే సమావేశం ఒకటి ఉందని, అక్కడ బల్ల మీద పెట్టి తన పేరు రాసిన చీటీ పక్కన పెడతారని, గురూజీ అంతా మాట్లాడి వచ్చాడు. అమ్మే ఉద్దేశం బావకు లేదు. జీవితమంతా తన పిచ్చిని చూసి నవ్విన జనంలో, నవ్వని పదిమంది ఒకచోట ఉన్నారనీ, వాళ్ళ మధ్య ఒక రోజు నిలబడాలనీ ఆయన కోరిక. అది నాకు తెలుసు. తెలిసే చేశాను.

ఆ ఏడు కార్తీకమాసంలో మన తెలుగువాళ్ళ వనభోజనాలకు బావ ఆ రూపాయి తెచ్చాడు. పులిహోర విస్తళ్ళ మధ్య అది చేయి మారుతూ తిరిగింది. నా దాకా వచ్చింది. నేను బొటనవేలితో ఆ ముద్దను తడిమి, "ఇది మా మిల్లులో అయితే సాన పట్టించేవాణ్ణి" అన్నాను. బావ విరగబడి నవ్వాడు. "ఇన్నారేటి? మా బావ సేతిలో పడుంటే ఈ రాజు ఎప్పుడో కొలిమిలో పోను! ఆయనకి నున్నగా ఉంటేనే గాని నచ్చదు. మా సెల్లిని సేసుకునేముందు కూడా ఇలాగే తడిమి సూసినాడు కాబోలు!" అందరూ నవ్వారు. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అందరికంటే ఎక్కువ నవ్వింది. అదే నెలలో నాకు వస్తుందనుకున్న ప్రమోషన్ నాకంటే జూనియర్‌కి వెళ్ళింది. అతను నాకంటే పనిమంతుడే, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అప్పుడు మాత్రం, ఊరంతా కలిసి నా మీదే నవ్వుతున్నట్టనిపించింది. బావది వేళాకోళమే గాని ఎకసెక్కం కాదు. ఆ తేడా తెలియని వయసు కాదు నాది. నలభై ఎనిమిదేళ్ళవాణ్ణి.

తర్వాత రెండు వారాలకు గురూజీ మా క్వార్టర్‌కి వచ్చాడు. ఫోటోలు తీయడానికి రూపాయి తీసుకెళ్ళి, తిరిగి ఇవ్వడానికి వస్తే ఆ రోజు బజారు సెలవు, కొట్టు మూసి ఉంది. దారిలోనే కదా అని నా దగ్గరికి వచ్చాడు. చిన్న కవరు, అంటించి పైన సంతకం చేశాడు. "సేఠ్ కో దే దేనా సాబ్, సంభాల్ కే" అని, జాగ్రత్తగా చేర్చమంటూ రెండు చేతులతో ఇచ్చి వెళ్ళాడు. మా ఆవిడ లలితా పారాయణానికి వెళ్ళింది. సాయంత్రం నాలుగు గంటలు. నేను గిన్నెలో నీళ్ళు మరిగించి, ఆవిరి పట్టి ఆ కవరు విప్పాను.

ఏమనుకుని విప్పానో పూర్తిగా చెప్పాలి. ముద్ద తీసేస్తే కింద రాజుగారి దవడ బయటపడుతుందని, చక్కని రూపాయి చేతిలో పెట్టి "చూశారా బావగారూ, మా పనితనం" అంటే నా మాట గెలుస్తుందని ఒక ఆలోచన. ఉపకారం చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నది ఆ సగమే. రెండో సగం, ఆయన మురిపెం మీద ఒక్క రుద్దు రుద్దాలని. నా దగ్గర ఐ.టీ.ఐ. రోజుల సన్న ఆకురాళ్ళ పెట్టె ఉంది. పెరటి వరండాలో పీట వేసుకుని కూర్చున్నాను. వెండి మెత్తగా ఉంటుంది, ఇనుములా ఎదురు తిరగదు. పది నిమిషాల్లో ముద్ద దిగిపోయింది. తడిపి రుద్దే గరుకు కాగితం పట్టాను, తర్వాత ఇత్తడి సామాను తోమే పాలిష్ పట్టాను. తుడిచి వెలుతురులోకి పెట్టి చూస్తే, దవడ లేదు.

దవడ లేదు, అక్షరాలు లేవు, గడ్డం లేదు. ముక్కు కిందనుంచి అంచు దాకా నున్నటి ఉత్త వెండి. ముద్ద ఏదో ముఖాన్ని కప్పి ఉందనుకున్నాను. అచ్చే విరిగిపోయాక అక్కడ ముఖం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఈ సంగతి ఈ ఊళ్ళో నాకంటే బాగా తెలియాల్సినవాడు లేడు. రోలరు మీద పెచ్చు ఊడితే పట్టా మీద బొడిపె వస్తుంది. ఆ బొడిపె కొట్టేస్తే కింద ఇంకో పట్టా దాగి ఉండదు. రోజూ చూసే సంగతే. నాణెం దగ్గరికి వచ్చేసరికి తట్టలేదు. మా ఆవిడ గేటు తీసిన చప్పుడైంది. గబగబా కవరులో పెట్టి, అన్నం మెతుకుతో అంటించాను.

మర్నాడు కొట్టుకెళ్ళి ఇచ్చాను. "గురూజీ ఇచ్చారు" అన్నాను. అది అబద్ధం కాదు కదా అని దారంతా చెప్పుకుంటూ వెళ్ళాను. బావ కవరు చింపి, రూపాయి అరచేతిలో వేసుకుని, మొదట నవ్వుతూనే చూశాడు. తర్వాత వెనక్కి తిప్పాడు. సగం పడిన పూలదండను గోరుతో తడిమాడు. రూపాయి అదే, ఎవరూ మార్చి వేరేది పెట్టలేదు. కొట్లో గొలుసు కొలిపించుకుంటున్న మనిషి "సేఠ్, కిత్నా హువా?" అని రెండుసార్లు అడిగాడు. బావ వినిపించుకోలేదు. "గురూజీ యేటైనా సెప్పినాడేటి?" అన్నాడు నాతో. లేదన్నాను. "అరగదీసి తోమీసినాడు" అన్నాడు తనలో తను. "సింతపండు బుద్ధి పోనేదు."

అప్పుడు చెప్పాల్సింది. ఒక్క మాట. తిట్టేవాడు, నెల రోజులు మాట్లాడేవాడు కాదు, ఆనక వనభోజనాల్లో పదేళ్ళపాటు ఆ కథ చెప్పి నవ్వించేవాడు. నేను మేకుల డబ్బా వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ ఆదివారం గురూజీ వచ్చినప్పుడు నేను లేను. మా ఆవిడ చెప్పింది, అన్నయ్య ఆయన్ను కొట్టు మెట్టెక్కనివ్వలేదని. రాయ్‌పూర్ ప్రయాణం లేదు. బావ ఆ రూపాయిని కంసాలికి తూకానికి అమ్మేశాడు. వందరెట్లు పలికే నాణెం వెండి ధరకు పోయింది. నాకు అంతకంటే గుర్తున్నది వేరు. రెండు రోజుల తర్వాత గురూజీ మా ఇంటికొచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. "సాబ్, మీరు చదువుకున్నవారు, మీ మాట సేఠ్ వింటాడు. నేనిచ్చిన కవరు ఇచ్చినట్టే చేరిందా?" అని హిందీలో మెల్లగా అడిగాడు. ఆయన నన్ను అనుమానించలేదు. సాక్ష్యం అడగడానికి వచ్చాడు. "నేను కవరు తెరవలేదు" అన్నాను. "జీ, జీ, ఆప్ క్యోం ఖోలేంగే" అని, మీరెందుకు తెరుస్తారంటూ ఆయనే నన్ను సముదాయించి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మా ఆవిడ ఒకటి రెండుసార్లు అడిగింది. "మీరొకసారి ఇద్దర్నీ కూర్చోబెట్టకూడదేటి? అన్నయ్య ఆదివారం పూట పిచ్చోడిలా ఆ స్టూలు వేపే సూస్తున్నాడు." వాళ్ళ గొడవ మనకెందుకని తీసిపారేశాను. బావ నాణేలు కొనడం మానేశాడు. చెల్లని నాణేలు తెచ్చినవాళ్ళను పొమ్మనేవాడు. బజారువాళ్ళు కొన్నాళ్ళకి ఆ పేరూ మర్చిపోయారు. ఆరేళ్ళ కిందట గురూజీ పోయాడని ఎవరో చెప్పారు. బావ వెళ్ళలేదు. నేనూ వెళ్ళలేదు. తర్వాత కొట్టు తీసేసి ఆయన జాముల్‌లో కొడుకు ఇంటికి చేరాడు. మా ఆవిడ పోయినప్పుడు పన్నెండో రోజు దాకా ఉన్నాడు. వెళ్ళేటప్పుడు చేతులు పట్టుకుని, "ఒక్కడివే ఎలాగుంటావు బావా" అన్నాడు. ఆ చేతుల్లో నా చేతులు పెట్టుకుని కూడా చెప్పలేకపోయాను. ఆ తర్వాత రాకపోకలు లేవు. మా ఇద్దరి మధ్య దారి ఆవిడే. ఆవిడ లేకపోయాక ఎవరిల్లు వాళ్ళదే.

బల్ల మీది ఆ వంకర బొమ్మ నాణేన్ని రెండు రోజులు చూసి, ఈ మంగళవారం జాముల్ వెళ్ళాను. కంటి ఆపరేషను చేయించుకుని నల్లద్దాలు పెట్టుకుని, వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. నా గొంతు విని, "ఎవులు? బావేటి? బతికున్నావేటి?" అని పాతమాదిరిగానే పలకరించాడు. కోడలు టీ తెచ్చింది. ఆమె లోపలికి వెళ్ళేదాకా ఆగాను.

"బావగారూ, ఆ రూపాయి అరగదీసింది గురూజీ కాదు. నేను."

ఏ రూపాయని ఆయన అడగలేదు. సందులోకి సిమెంటు లారీ ఒకటి వచ్చింది. అది దాటిపోయి దుమ్ము అణిగింది. అప్పుడు, "కింద యేటుంది?" అన్నాడు.

నాకర్థం కాలేదు.

"ఆ ముద్ద తీసీసినావు గదా. కింద దవడుందా?"

"లేదండీ. ఏమీ లేదు."

"ఉండదు. అచ్చు ఇరిగిపోయినకాడ యేటుంటాది? అడిగుంటే నానే సెప్పీవోన్ని. రోలింగు మిల్లులో ముప్పై ఏళ్ళు యేటి సేసినావు బావా?"

పాత ఎగతాళే అది. నేను నవ్వబోయి ఆయన ముఖం చూసి ఆగిపోయాను.

"ఆడు నా కొట్టు మెట్టు కింద నిలబడి 'సేఠ్, మైనే నహీ కియా' అన్నాడు. నాను సెయ్యనేదని మూడుసార్లు అన్నాడు. ఆడి మొకం మీదే సెటరు దించీసినాను" అన్నాడు. నల్లద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "నాకాడికెందుకొచ్చినావు? కుమ్హారి ఎల్లు, ఆడింటికి."

"మీరూ వస్తారా?"

"నాను రాను. నువ్వు సేసింది నువ్వు సెప్పుకో. నాను సేసింది నాకుంది." తన గ్లాసు కింద పెట్టి, "టీ సల్లారిపోతంది, తాగీసి ఎల్లు" అన్నాడు. నేను గేటు వేస్తుంటే కూడా తల తిప్పలేదు.

మర్నాడు పొద్దున్న కుమ్హారి వెళ్ళాను. ఇల్లు అడిగి తెలుసుకోవడం కష్టం కాలేదు. ఆ వీధిలో సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. గురూజీ భార్య అరుగు మీద నులకమంచంలో కూర్చుని మెంతికూర గిల్లుతోంది. కోడలు గుమ్మంలో కుట్టుమిషను తొక్కుతోంది. నేను రిటైరైనవాణ్ణని, గురూజీని ఎరుగుదునని హిందీలో చెప్పి, వచ్చిన సంగతి ఎలాగో కూడదీసుకుని, గొంతు తగ్గించి చెప్పాను. ముసలావిడ నా పెదాల వైపు చూస్తూ తల ఊపింది. కోడలు మిషను ఆపి, "అమ్మాజీకి వినపడదు, గట్టిగా చెప్పాలి. ఉండండి, నేను చెబుతాను" అని వచ్చి, అత్తగారి చెవి దగ్గర నోరు పెట్టి, సేఠ్ నాణెం పాడుచేసింది మామగారు కాదు, ఈయనే అని అరిచింది. "సేఠ్ కా సిక్కా! బాబూజీ నే ఖరాబ్ నహీ కియా థా! ఇన్హోంనే కియా థా!"

"కోన్?" అంది ఆవిడ.

"ఏ! ఏ జో బైఠే హైఁ! ఇన్హోంనే ఘిస్ దియా థా! ఔర్ ఝూఠ్ బోలే థే!"

ఎదురింట్లో బట్టలారేస్తున్న మనిషి ఆగిపోయింది. పాలవాడు సైకిలు దిగి నిలబడ్డాడు. అరగదీసింది ఈయనే, అబద్ధం కూడా ఆడాడని కోడలు ఇంకోసారి అరిచింది, నా వైపు వేలు చూపిస్తూ. అబద్ధమాడానన్న మాట నేను ఆమెతో చెప్పలేదు. కథ వింటే ఎవరికైనా అర్థమయ్యేదే. ఇన్నేళ్ళు నా పక్కన పడుకున్న మనిషికి కూడా చెప్పని సంగతి కుమ్హారి వీధిలో ఈ చివర్నుంచి ఆ చివరికి వినపడింది. నాకు పారిపోవాలనిపించలేదు. ఆ మాత్రం గట్టిగా చెప్పవలసిన సంగతే అది అనిపించింది.

ముసలావిడకు అర్థమైంది. మెంతికూర పళ్ళెం పక్కన పెట్టింది. నన్ను పైనుంచి కింది దాకా చూసింది. కోపం లేదు, ఆశ్చర్యమూ లేదు. "ఓ నఇ కరే రిహిస్, మోలా మాలూమ్ హే" అంది. ఆయన చేయలేదని నాకు తెలుసు అని. "మోలా కాబర్ బతాథవ్? ఓలా బతాతేవ్" అని మళ్ళీ పళ్ళెం ఒళ్ళోకి తీసుకుంది. నాకెందుకు చెబుతున్నావు, ఆయనకు చెప్పాల్సింది.

నేను నమస్కారం పెట్టి లేచాను. కోడలు "చాయ్?" అంది గాని, అప్పటికే మిషను తొక్కుతోంది. రోడ్డు మీదికి వచ్చి బస్సు కోసం నిలబడ్డాను. మనసు తేలికవుతుందని వచ్చానేమో, అదేమీ జరగలేదు. బావ ఇంకెప్పుడైనా పిలుస్తాడో లేదో తెలియదు. పిలవకపోయినా నాకు అడిగే ముఖం లేదు. రాయ్‌పూర్ నుంచి వచ్చే బస్సు ఖాళీగా ఉంది. కిటికీ పక్కన కూర్చున్నాను. కండక్టరు టికెట్ చింపి ఇచ్చాడు. నేను కళ్ళు మూసుకుని తెరిచేలోగా పవర్ హౌస్ వచ్చేసింది. చేతి గడియారం చూసుకున్నాను. కుమ్హారికి బస్సులో అరగంట. ఆ అరగంట వెళ్ళడానికి నాకు పద్నాలుగేళ్ళు పట్టింది, అందులో మొదటి ఎనిమిదేళ్ళూ గురూజీ అక్కడే ఉన్నాడు.